పాతరలో దీపం, ఓడలో ప్రాణం

బి.కాం. చదివి బ్యాంకులో పనిచేసేవాడికి ఓడల సంగతి ఎందుకని పాఠకులు అనుకోవచ్చు. మాది విదురాశ్వత్థ దగ్గరి పల్లె. ఉత్తర పినాకినిలో నీళ్లు పారితేనే మాకు పండగ. అయినా ఈ వ్యాసం రాయడానికి రెండు కారణాలున్నాయి. ఒకటి, కొన్నేళ్లు విశాఖపట్నంలో ఓడరేవుకు దగ్గరి శాఖలో పనిచేశాను. రెండు, మా చెల్లెలి కొడుకు ఆరు నెలల శిక్షణ ముగించుకుని మొదటిసారి ఓడ ఎక్కబోతున్నాడు.

మొన్న చెల్లెలు వాడిని వెంటబెట్టుకుని విదురాశ్వత్థకు వచ్చింది. నాగశిలలకు పాలు పోసి, ప్రదక్షిణలు చేసి వచ్చి నా పక్కన కూర్చుని, "అన్నా, సముద్రంలో తుపానొస్తే ఎట్ల? వైజాగులో ఉండొచ్చినోడివి, నువ్వే చెప్పు" అంది.

"తుపాను సంగతి ముందే తెలుస్తుందమ్మా. అందరూ జాగ్రత్తపడతారు. నా భయమంతా ఓడలోని ఖాళీ ట్యాంకు గురించే" అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. "మన తాత రాగుల పాతర జ్ఞాపకముందా?" అని అడిగాను.

1980 ప్రాంతంలో మా ఇంటి ముందర భూమిలో పాతర ఉండేది. మూత తీసిన వెంటనే తాత ఎవరినీ దిగనిచ్చేవాడు కాదు. చాలాసేపు తెరిచిపెట్టి, ఆ తరువాత తాడుకు దీపం కట్టి లోపలికి దించేవాడు. దీపం ఆరిపోతే ఆ పూట పాతర జోలికి పోకూడదు. వెలుగుతూ ఉంటేనే మనిషి దిగాలి. అదీ నడుముకు తాడు కట్టుకుని, పైన ఇద్దరు పట్టుకుని ఉండగా. లోపల దయ్యం ఉందని పిల్లలం అనుకునేవాళ్లం. అసలు సంగతి ఏమిటంటే, మూసిన పాతరలో గింజలు కూడా శ్వాసిస్తాయి. ప్రాణవాయువు తగ్గిపోతుంది, బరువైన బొగ్గుపులుసు వాయువు అడుగున చేరుతుంది.

ఓడలోనూ ఇదే జరుగుతుంది. ఓడ నిలకడగా ఉండడానికి సముద్రపు నీళ్లు నింపే బ్యాలస్ట్ ట్యాంకులుంటాయి. వాటిని ఖాళీ చేసి మూసి ఉంచితే లోపలి ఇనుము తుప్పు పడుతుంది. తుప్పు పట్టడమంటే గాలిలోని ప్రాణవాయువును ఇనుము తినేయడమే. బొగ్గు, కొయ్యదుంగలు, ఇనుప తుక్కు నింపిన ఓడ అరల్లోనూ ఇదే ప్రమాదం. మామూలు గాలిలో ప్రాణవాయువు 21 శాతం వరకు ఉంటుంది. 10 శాతం కన్నా తగ్గితే మనిషి స్పృహ తప్పుతాడు. మరీ తగ్గితే ఒకటి రెండు శ్వాసలకే కూలిపోతాడు. ముందుగా హెచ్చరించే వాసన కూడా ఉండదు.

విశాఖ రేవు 1933లో మొదలైంది. ఆ చుట్టుపక్కల ఓడల్లో పనిచేసేవారి కుటుంబాలు చాలా ఉన్నాయి. మా శాఖలో వారి ఎన్.ఆర్.ఇ. ఖాతాలు ఉండేవి. ఒకరోజు ఒక ఇల్లాలు భర్త ఖాతాకు క్లెయిము కాగితాలు తెచ్చింది. ఆయన వయసు 34. తోటివాడు ట్యాంకులో పడిపోయి ఉండడం చూసి, లాగుదామని తానూ దిగాడట. ఇద్దరూ పోయారు. కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి. నేను చేయగలిగింది ఆ రోజే డబ్బు చెల్లించడం ఒక్కటే. "ఆయనకి ఈత బాగా వచ్చండి బాబూ" అని ఆమె అన్న మాట ఇప్పటికీ మరవలేదు.

అందుకే మేనల్లుడికి కొన్ని మాటలు చెప్పాను. అనుమతి పత్రం మీద సంతకాలు కాకుండా దిగకు. ముందు గాలి బాగా ఆడించాలి. తరువాత మీటరుతో పైన, మధ్యన, అడుగున చూడాలి. ఓడలో తాత దీపం పనికిరాదు, మండే వాయువులుంటే పేలిపోతుంది. అందుకే 2016 జూలై 1 నుంచి ఓడల్లో వాయువులు కొలిచే మీటరు ఉండాలని అంతర్జాతీయ నియమం వచ్చింది. ద్వారం దగ్గర ఒక మనిషి కదలకుండా కాపలా ఉండాలి. లోపల ఎవరైనా పడిపోతే ముందు అలారం మోగించు. శ్వాస పరికరం లేకుండా అన్నదమ్ముడి కోసమైనా దిగకు. ఇందుకోసం 2015 నుంచి రెండు నెలలకోసారి ఓడలో అభ్యాసం చేయించాలని నియమం ఉంది.

"ఇవన్నీ ట్రైనింగులో చెప్పినారు మామా" అన్నాడు వాడు.

"సరే. రెండు నిమిషాల పనే, దిగు అని పైవాడు తొందరపెడితే?"

వాడు మాట్లాడలేదు.

"మా స్ట్రాంగ్ రూముకు రెండు తాళంచెవులు, ఇద్దరి చేతుల్లో ఉంటాయి. ఎంత తొందరున్నా మేనేజరు ఒక్కడే తెరవలేడు. ఇందులో ఒకరి మీద ఒకరికి అపనమ్మకం ఏమీ లేదు, అది పద్ధతి. నువ్వూ మర్యాదగా, మీటరు చూపించండి సార్ అని అడుగు" అన్నాను. నావికుల హక్కుల అంతర్జాతీయ ఒప్పందాన్ని మన దేశం 2015లో ఆమోదించింది. ఓడలో ఫిర్యాదు చేసినవారిని వేధించకూడదని అందులో ఉంది. 24 గంటల్లో కనీసం 10 గంటలు, వారంలో 77 గంటలు విశ్రాంతి ఇవ్వాలనీ ఉంది. అలసిన మనిషే మీటరు చూడడం మరిచిపోతాడు. అందుకని చెల్లెలికీ ఒక మాట చెప్పాను: "వాడు నిద్రపోయే వేళ తెలుసుకుని ఫోను చెయ్యి. నీకు తోచినప్పుడల్లా లేపొద్దు."

ఆమె తల ఊపింది. లేచేముందు గర్భగుడిలోని దీపం వైపు చూసి, కొడుకుతో "ఒరే, మీ ముత్తాత దీపాన్ని మరవొద్దు" అంది.

ఓడలతో సంబంధం లేని పాఠకులకూ ఒక మనవి. చాన్నాళ్లుగా మూసి ఉన్న బావి, సంపు, మరుగుదొడ్డి గుంత మన ఇళ్ల దగ్గరా ఉంటాయి. వాటిలోకి ఎవరినీ దించకండి. ఎవరైనా పడిపోతే వెనకాలే దూకకుండా, ముందు అగ్నిమాపక దళాన్ని పిలవండి.