పెళ్లి డిస్కులో నాన్న గొంతు

అల్ నహ్దా: 'అమ్మా, తాతయ్య గొంతు ఎలా ఉండేది?' అని మా పాప అడిగిన రోజు నాకు పెళ్లి డీవీడీలు గుర్తొచ్చాయి. నాన్న పోయి ఆరేళ్లయింది. ఆయన మాట్లాడిన వీడియో మా దగ్గర ఇంకొకటి లేదు.

2005లో స్టూడియో వాళ్లు ఇచ్చిన మూడు డిస్కులూ బాల్కనీ కప్‌బోర్డులోని అట్టపెట్టెలో ఉన్నాయి. ల్యాప్‌టాప్‌కి డిస్కు పెట్టే చోటే లేదు. యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ కొన్నాను. మొదటి రెండూ ఆడాయి. మూడోది సరిగ్గా అప్పగింతల దగ్గర ఆగిపోయింది.

తప్పు నాదే. ఫ్యాక్టరీలో అచ్చేసిన సినిమా డిస్కు వేరు, స్టూడియోలో రాసిన డిస్కు వేరు. రెండోదాంట్లో దృశ్యాలు లేజర్‌తో ఒక రంగు పొర మీద నమోదవుతాయి. వేడి, వెలుతురు, తేమ ఆ పొరను చెడగొడతాయి. ఇక్కడి ఎండాకాలంలో బాల్కనీ అంటే పొయ్యే!

ముందు నకలు, తర్వాతే కుదింపు

చాలామంది చేసే పొరపాటు, వీడియోను చిన్నది చేసేసి డిస్కు పారేయడం. ముందు డిస్కు మొత్తాన్నీ ఐఎస్‌ఓ ఫైల్‌గా దించుకోండి. మామూలు డీవీడీ 4.7 జీబీకి మించదు. మూడూ కలిపినా పదిహేను జీబీ లోపే.

చూసుకోవడానికి, పంచుకోవడానికి చిన్న ఫైల్ కావాలంటే హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. ఎంపీ4, హెచ్.264 ఎంచుకుని, క్వాలిటీ అంకె 20 దగ్గర పెట్టండి. మన డీవీడీలు సాధారణంగా 720×576. దాన్ని 1080కి సాగదీస్తే ఫైల్ పెరుగుతుంది గానీ బొమ్మ మెరుగుపడదు. కదలికల్లో దువ్వెన పళ్లలా గీతలు కనిపిస్తే డీఇంటర్‌లేస్ ఆన్ చేయండి. మా రెండు గంటల డిస్కు ఒకటిన్నర జీబీ లోపు వచ్చింది. వీసీడీలైతే మళ్లీ కుదించొద్దు, అందులో బొమ్మ ఇప్పటికే 352×288. ఉన్నవి ఉన్నట్టు కాపీ చేసుకోండి.

కొన్న సినిమా డిస్కుల్లో చాలావాటికి తాళం ఉంటుంది. హ్యాండ్‌బ్రేక్ దాన్ని తీయదు. చాలా దేశాల కాపీరైట్ చట్టాలు తాళం పగలగొట్టడాన్ని ఒప్పుకోవు. భారత చట్టంలోనూ 2012 సవరణతో 65ఏ సెక్షన్ వచ్చింది. సినిమా ఇంకో చోట దొరుకుతుంది. మన పెళ్లి దొరకదు. ముందు దాని సంగతి చూడండి.

రెండో సెట్ ఎక్కడుంది?

ఆగిపోయిన డిస్కును మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడిచాను. డ్రైవ్ మార్చి చూశాను. డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాం చదవగలిగినంత చదివింది. అయినా నాలుగు నిమిషాలు రాలేదు.

అప్పుడు తట్టింది, స్టూడియో వాళ్లు అత్తగారింటికీ ఒక సెట్ ఇచ్చారు కదా! తెనాలిలో అత్తయ్య బీరువాలో పట్టుచీరల కింద చీకట్లో భద్రంగా ఉంది. మరిది అక్కడే ఐఎస్‌ఓ చేసి పంపాడు. ఆ నాలుగు నిమిషాలూ దొరికాయి.

ఇప్పుడు ఒక నకలు ఇక్కడి హార్డ్‌డిస్క్‌లో, ఒకటి క్లౌడ్‌లో, ఒకటి తెనాలిలో ఉన్నాయి. బంధువులకు వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపాను. వీడియోగా పంపితే అది ఇంకా కుదించేస్తుంది.

శనివారం సాయంత్రం అందరం కూర్చుని చూశాం. నా చేయి మావయ్యగారి చేతిలో పెడుతూ నాన్న, 'దీనికి పొద్దున్నే లేవడం రాదు, ఏమనుకోకండి' అన్నారు. పాప పకపకా నవ్వింది. ఆ ముక్క మళ్లీ పెట్టమంది.