తాబేలుకు నొప్పి పుట్టదా?

మందర పర్వతాన్ని వీపున మోసిన జాతి గదా, చిన్న యంత్రం అంటిస్తే తాబేలుకేం నొప్పి అని మనలో చాలామంది అనుకుంటారు. పత్రికల్లో అప్పుడప్పుడు ఒక బొమ్మ పడుతూ ఉంటుంది: ఇసుకలో పాకుతున్న సముద్రపు తాబేలు, దాని వీపు మీద నల్లని పెట్టె, ఆ పెట్టెకొక తీగ. మా ఇంట్లో పిల్లలు ఆ బొమ్మ చూచి, “పాపం, మేకులు కొట్టారా?” అని అడిగారు. పెద్దవాళ్ళు “డిప్పకు ప్రాణం ఉండదురా” అని తేల్చేశారు. నాకు పిల్లల ప్రశ్నే సబబుగా తోచింది.

డిప్ప తాబేలు తొడుక్కున్న చొక్కా కాదు, విప్పి పక్కన పెట్టడానికి. దాని వెన్నెముకా పక్కటెముకలూ వెడల్పై, ఒకదానితో ఒకటి కలిసిపోయి డిప్పగా ఏర్పడ్డాయి. ఆ ఎముక మీద మన గోళ్ళలో ఉండే పదార్థంతోనే పలకలు పేర్చి ఉంటాయి. గోరు చివర కత్తిరిస్తే మనకేమీ తెలియదు. గోరు కింద సూది గుచ్చితే ప్రాణం పోయినంత పనవుతుంది. తాబేలు సంగతీ అంతే. పలకల కింద నెత్తురుంది, నరాలున్నాయి. డిప్ప మీద వేలితో రాసినా దానికి తెలుస్తుంది. ఇక డిప్ప అంచుకు బెజ్జం వేసి తాడు కట్టడమంటే ఎముకకు బెజ్జం వేయడమే. అది చీము పడితే మానడం కష్టం.

అయితే శాస్త్రజ్ఞులు పెట్టె ఎందుకు అంటిస్తున్నట్టు? దానికీ కారణముంది. 2021లో ఒడిశా తీరాన ఒక ఆలివ్ రిడ్లే తాబేలుకు, తెడ్డులాంటి ముందుకాలికి, అంకె వేసిన చిన్న లోహపు బిళ్ళ తగిలించారు. 2025 జనవరిలో అది మహారాష్ట్రలోని గుహాగర్ తీరాన గుడ్లు పెడుతూ కనిపించింది. తూర్పు సముద్రపు తాబేలు పడమటి సముద్రానికి చేరింది! కాని సింహళాన్ని చుట్టి వచ్చిందో, పాంబన్ దగ్గర దూరి వచ్చిందో బిళ్ళ చెప్పదు. వీపు మీది పెట్టె అయితే, తాబేలు ఊపిరి కోసం నీటిపైకి వచ్చినప్పుడల్లా ఉపగ్రహానికి కబురు పంపుతుంది. తాబేళ్ళు ఏ దారిన పోతాయో తెలిస్తేనే గదా, ఏ దారిలో వలలు వేయవద్దో చెప్పగలిగేది.

ఆ పెట్టెకు మేకులుండవు. పలకల మీది నాచు గీకి, తుడిచి, జిగురుతో అంటిస్తారు. కొన్ని జిగుళ్ళు గట్టిపడేటప్పుడు వేడెక్కుతాయి గనుక పలుచగా పూయాలి. కొన్ని నెలలకు అదే ఊడిపోతుంది. సముద్రంలో అసలు చిక్కు బరువుతో కాదు, నీటి అడ్డుతో. ఎదురుగాలిలో గొడుగు విప్పుకుని సైకిలు తొక్కినవారికి వేరే చెప్పనక్కరలేదు. తాబేలు అచ్చులను గాలి సొరంగంలో పెట్టి కొలిచి, 2013లో కొందరు శాస్త్రజ్ఞులు లెక్క చెప్పారు: పెద్ద తాబేలుకు చాలా పెట్టెల వల్ల కలిగే అడ్డు నూటికి 5 వంతులకు లోపే, అదే పెట్టె పిల్ల తాబేలుకు పెడితే అడ్డు రెట్టింపుకు మించవచ్చు.

పిల్లలతో ఇంకో బాధ కూడా ఉంది. డిప్ప పెరుగుతూ ఉంటుంది, గట్టి జిగురు పెరగనివ్వదు. అమెరికాలో ఫ్లారిడా తీరాన కేట్ మాన్స్‌ఫీల్డ్ అనే శాస్త్రజ్ఞురాలి బృందాన్ని ఈ చిక్కు చాలాకాలం వేధించింది. చివరకు ఉపాయం చెప్పింది ప్రొఫెసర్లు కాదు, ఆడవాళ్ళ గోళ్ళు అలంకరించే ఒకామె! డిప్ప పలకా గోరే గనుక గోళ్ళకు వేసే పూత వేసి, దానిపైన సవరాలు అతికించే జిగురుతో ఎండకు పనిచేసే బుల్లి యంత్రాన్ని పెట్టారు. పిల్లలు పెరిగాయి, కబుర్లూ వచ్చాయి.

నన్నడిగితే, అవసరం కోసం అంటించడం వేరు, ముచ్చట కోసం అంటించడం వేరు. 1884లో హ్యూస్మాన్స్ అనే ఆయన వ్రాసిన ఫ్రెంచి నవలలో ఒక జమీందారీ బిడ్డ తివాచీకి అందం వస్తుందని తాబేలుకు బంగారు పూత పూయించి, రత్నాలు పొదిగిస్తాడు. అది చచ్చిపోతుంది. నవల గదా అని కొట్టిపారేయవద్దు. అమెరికాలో ఒకప్పుడు వేలెడంత తాబేటి పిల్లల వీపులకు పువ్వులూ పేర్లూ చిత్రించి అమ్మేవారు. ఆ రంగు పెచ్చు కింద డిప్ప సరిగా పెరగలేక వంకరపోయేది. మన వైపు నక్షత్ర తాబేలును ఇంట్లో పెట్టుకుంటే అదృష్టమనేవారున్నారు. అది చట్టరీత్యా నేరం. దాని వీపున చుక్కలు ప్రకృతే వేసి పెట్టింది. పైన మన రంగులెందుకు?

అంటించడమే ప్రాణం నిలిపిన ఉదంతం కూడా ఒకటుంది. 2018లో అమెరికాలోని బాల్టిమోర్ పార్కులో పొట్టవైపు డిప్ప పగిలిన తాబేలొకటి దొరికింది. మేరీలాండ్ జంతుశాల వైద్యులు దానికి ఆపరేషను చేసి, ముక్కలను లోహపు పలకలతో, తీగతో కలిపారు. పొట్ట నేలకు రాసుకుంటే అతుకు మానదు. తాబేళ్ళ కొలతకు చక్రాల బండ్లు ఎవరూ చేయరు. పిల్లలు ఇళ్ళు కట్టి ఆడుకునే లెగో ముక్కలతో నాలుగు చక్రాల బండి కట్టి, కుళాయి పనివాళ్ళు వాడే లప్పంతో దాని డిప్పకు అంటించారు. తాబేలు నేలకు తగలకుండా ఆ బండిమీదనే తిరిగింది. మానిన తరువాత చక్రాలు తీసివేసి, 2020లో దాన్ని ఆ పార్కులోనే వదిలిపెట్టారు.