మదర్‌బోర్డు అమరికలో సంప్రదాయం, మార్పు: అమీర్‌పేట హార్డ్‌వేర్ బోధనకు ఒక అన్వయం

వ్యాససంగ్రహం:
డెస్క్‌టాప్ కంప్యూటర్‌లోని మదర్‌బోర్డుపై ఏ కనెక్టర్ ఎక్కడ ఉండాలన్న విషయంలో మూడు దశాబ్దాలుగా ఒక సంప్రదాయం స్థిరపడింది. దాన్ని మార్చే ప్రయత్నాలు కొన్ని విఫలం కాగా, మరికొన్ని ఇప్పుడు బలపడుతున్నాయి. సంప్రదాయం వెనుక ఉన్న కారణాలను వివరించి, కొత్త అమరికల గుణదోషాలను బేరీజు వేయడం, హార్డ్‌వేర్‌ను తెలుగులో బోధించేందుకు దిక్కుల పేర్లు ఎంతవరకు ఉపకరిస్తాయో సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: మదర్‌బోర్డు, కనెక్టర్, ఏటీఎక్స్, బీటీఎక్స్, మరమ్మతు, సాంకేతికబోధన, అమీర్‌పేట.

1. ఉపోద్ఘాతం:
అమీర్‌పేట నుండి పంజాగుట్ట మెట్రోలో ఒకే ఒక్క స్టేషన్ దూరం. ఈ పరిసరాలకు, ముఖ్యంగా మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ ప్రాంతాలకు, కంప్యూటర్ శిక్షణకేంద్రాలుగా పేరుంది. రెండు తెలుగురాష్ట్రాల జిల్లాలనుండి వచ్చే విద్యార్థులు హాస్టళ్ళలో ఉంటూ ఇక్కడ కోర్సులు నేర్చుకుంటారు. సాఫ్ట్‌వేర్ కోర్సులదే పైచేయి అయినా, హార్డ్‌వేర్, నెట్‌వర్కింగ్ నేర్చుకొని మరమ్మతులతో జీవిక సాగించేవారూ ఉన్నారు. వారికి మదర్‌బోర్డు అమరిక అభిరుచికి సంబంధించిన చర్చ కాదు. తెచ్చిన విడిభాగం బోర్డుకు సరిపోతుందా, లేదా అన్నదానిపైనే వారి పని ఆధారపడి ఉంటుంది.

2. స్థాననిర్దేశం - దిక్కుల పేర్లు:
నిలువు క్యాబినెట్‌లో బిగించిన బోర్డును ఎదురుగా చూస్తున్నప్పుడు పై అంచును ఉత్తరంగా భావిస్తే వివరణ సులువవుతుంది. మూలలకు విడివిడిగా పేర్లు ఉండడం తెలుగుకున్న సౌలభ్యం. “పైన ఎడమవైపు చివర” అనేదాన్ని “వాయవ్యం” అన్న ఒక్కమాట చెప్పగలదు. ఇక్కడ దిక్కు కేవలం స్థానసూచకం. వాస్తుశాస్త్రంతో దీనికి సంబంధం లేదు.

ఈ పద్ధతిలో చూస్తే, సాధారణ ఏటీఎక్స్ బోర్డులో యూఎస్‌బీ, నెట్‌వర్క్ పోర్టులు పడమటి అంచున ఉంటాయి. ప్రాసెసర్ ఉత్తరభాగంలోను, దానికి తూర్పున ర్యామ్ గాడులు ఉంటాయి. ప్రాసెసర్‌కు విద్యుత్తునిచ్చే 8 పిన్నుల కనెక్టర్ వాయవ్యంలోను, 24 పిన్నుల ప్రధాన కనెక్టర్ తూర్పు అంచునా ఉంటాయి. పవర్ స్విచ్ వైర్లను తగిలించే సన్నని పిన్నులు ఎక్కువగా ఆగ్నేయంలోను, ముందుభాగపు ఆడియో పిన్నులు నైరుతిలోను కనిపిస్తాయి.

3. సంప్రదాయం ఏర్పడిన తీరు:
1984లో ఐబీఎం విడుదల చేసిన పీసీ ఏటీ నమూనా చాలాకాలం ప్రామాణికంగా నిలిచింది. అందులో బోర్డుకు విద్యుత్తు రెండు వేర్వేరు ప్లగ్గుల ద్వారా అందేది. వాటిని తారుమారు చేస్తే బోర్డు కాలిపోయే ప్రమాదం ఉండేది. రెండు ప్లగ్గుల నల్లవైర్లూ మధ్యలో పక్కపక్కన రావాలన్నది సాంకేతికులు కంఠస్థం చేసిన సూత్రం. 1995లో ఇంటెల్ రూపొందించిన ఏటీఎక్స్ ఈ ఇబ్బందిని తొలగించింది. దాని 20 పిన్నుల కనెక్టర్‌ను తిరగేసి పెట్టడానికి ఆకారమే ఒప్పుకోదు. తరువాత ఇది 24 పిన్నులకు పెరిగింది. 305 మిల్లీమీటర్ల పొడవు, 244 మిల్లీమీటర్ల వెడల్పు గల ఏటీఎక్స్ కొలత, మరలు బిగించే రంధ్రాల స్థానాలు ఇప్పటికీ మారలేదు. మనిషి జ్ఞాపకశక్తిపై వేసిన భారాన్ని వస్తువు ఆకారమే మోయడం మంచి అమరికకు తొలి లక్షణమని ఈ మార్పు తెలుపుతుంది.

4. స్థానాల వెనుక కారణాలు:
కనెక్టర్ల స్థానాలు యాదృచ్ఛికం కావు. ర్యామ్‌కు, ప్రాసెసర్‌కు మధ్య సంకేతాలు అత్యంతవేగంతో ప్రయాణిస్తాయి కనుక, వాటిని కలిపే రాగిగీతలు పొట్టిగాను, సమానమైన పొడవుతోను ఉండాలి. ప్రాసెసర్‌కు తక్కువ వోల్టేజిలో అధికవిద్యుత్తు కావాలి కనుక, 12 వోల్టులను తగ్గించే భాగాలు, వాటికి సరఫరా చేసే కనెక్టర్ దాని దగ్గరే ఉంటాయి. విద్యుత్తు అలజడి ధ్వనిలో కలవకుండా ఆడియో చిప్పును దూరంగా నైరుతిలో ఉంచుతారు.

అమీర్‌పేట మెట్రో స్టేషన్ ఇందుకు మంచి పోలిక. ఎరుపు, నీలం మార్గాలు కలిసే చోటు నిర్ణయమయ్యాక మెట్లు, వంతెనలు, ద్వారాలు అన్నీ దాన్ని అనుసరించవలసిందే. బోర్డుపై ప్రాసెసర్ స్థానం కూడా అలాంటిదే. దాన్ని కదిపితే తక్కినవన్నీ కదులుతాయి.

5. విఫలమైన మార్పు - బీటీఎక్స్:
పెంటియం 4 ప్రాసెసర్ల వేడి పెరుగుతున్న కాలంలో, 2004 ప్రాంతంలో ఇంటెల్ బీటీఎక్స్ అమరికను ముందుకు తెచ్చింది. ఇందులో ప్రాసెసర్‌ను క్యాబినెట్ ముందుభాగానికి దగ్గరగా జరిపారు. బయటి చల్లగాలి మొదట ప్రాసెసర్‌ను తాకి, తరువాత మిగతా భాగాలమీదుగా వెనక్కి పోవాలన్నది ఆలోచన. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే హైదరాబాదు వంటి నగరానికి ఇది వినడానికి ఎంతో అనుకూలమైన సూత్రం.

అయినా బీటీఎక్స్ నిలవలేదు. పాత క్యాబినెట్లు దానికి పనికిరావు. 2006లో తక్కువ విద్యుత్తుతో పనిచేసే కోర్ 2 ప్రాసెసర్లు రావడంతో దాని ప్రధాన అవసరం తగ్గిపోయింది. అదే ఏడాది ఇంటెల్ దాని అభివృద్ధిని విరమించుకుంది. సాంకేతికంగా సమర్థమైన అమరిక కూడా, చుట్టూ ఉన్న విడిభాగాల వ్యవస్థతో పొసగకపోతే నిలదొక్కుకోలేదనడానికి ఇది నిదర్శనం.

6. నేటి చర్చ - వెనుకవైపు కనెక్టర్లు:
ఇటీవలి మార్పు కనెక్టర్లను బోర్డు వెనుకవైపుకు తరలించడం. గిగాబైట్ ‘ప్రాజెక్ట్ స్టెల్త్’, ఎంఎస్ఐ ‘ప్రాజెక్ట్ జీరో’, అసుస్ ‘బీటీఎఫ్’ ఈ కోవకు చెందినవి. 2022 నుండి ఇవి విపణిలోకి వచ్చాయి.

అనుకూలవాదం: ముందువైపు వైర్లు కనిపించవు. గాలికి అడ్డం తగ్గుతుంది. దుమ్ము తుడవడం తేలిక. పెద్ద గ్రాఫిక్స్ కార్డు కింద వేళ్ళు దూర్చి పిన్నులు వెతకవలసిన అవసరం ఉండదు.

ప్రతికూలవాదం: ఇలాంటి బోర్డుకు తగిన రంధ్రాలున్న క్యాబినెట్ తప్పనిసరి. మరమ్మతు చేసేవారు అనుమానమున్న బోర్డును బయటకు తీసి బల్లమీద పరీక్షిస్తారు. అడుగున కనెక్టర్లుంటే బోర్డు బల్లపై సమంగా ఆనదు, ఎత్తుపెట్టి నిలపాలి. క్యాబినెట్‌లో ఉంచి పరీక్షించాలన్నా రెండువైపులా మూతలు తీయాలి.

బీటీఎఫ్‌లో మరో అంశముంది. కొన్ని నమూనాల్లో గ్రాఫిక్స్ కార్డుకు కావలసిన విద్యుత్తును ప్రత్యేకమైన గాడి ద్వారా బోర్డే అందిస్తుంది. ఇలా ఒక కంపెనీ గాడికే కట్టుబడిన కార్డును రేపు మరో బోర్డుకు మార్చడం కష్టమవుతుంది. కనెక్టర్ వెనక్కి జరిగితే శ్రమ మారుతుంది. కనెక్టరే మారిపోతే స్వేచ్ఛ తగ్గుతుంది. చర్చలో ఈ రెండింటినీ వేరుచేసి చూడాలి.

7. మరమ్మతు కోణం:
కొన్ని బ్రాండెడ్ డెస్క్‌టాప్‌లలో ఈ రెండో సమస్య ఎప్పటినుండో ఉంది. వాటి ఎస్ఎంపీఎస్ కనెక్టర్, పవర్ స్విచ్ పిన్నుల వరుస ప్రామాణికంగా ఉండవు. ఎస్ఎంపీఎస్ చెడితే బజారులో దొరికే మామూలుది నేరుగా పనికిరాదు. అదే అసెంబుల్ చేయించుకున్న సిస్టమ్ అయితే ఏ కంపెనీదైనా అమరుతుంది. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ‘మరమ్మతు హక్కు’ విధివిధానాల కోసం కమిటీని నియమించింది. కనెక్టర్ల ప్రామాణికత కూడా ఆ హక్కులో భాగంగా ఆలోచించదగినదే.

8. ముగింపు:
- మదర్‌బోర్డుపై స్థానాలను విద్యుత్తు, వేగం, వేడి అనే మూడు అవసరాలు ప్రధానంగా నిర్ణయిస్తాయి. అలవాటు వాటిని స్థిరపరుస్తుంది.
- కొత్త అమరికను అందంతో మాత్రమే కొలవరాదు. చెడిన భాగాన్ని మరో కంపెనీ భాగంతో మార్చగలగడం ప్రధానమైన కొలమానం కావాలి.
- ఈ కొలమానం ప్రకారం, ప్రామాణిక కనెక్టర్లను స్థానం మార్చి వాడే బోర్డులు ఆమోదయోగ్యం. ప్రత్యేక కనెక్టర్లతో వినియోగదారుని ఒకే కంపెనీకి కట్టివేసేవి కావు.
- స్థానాన్ని మాత్రమే కంఠస్థం చేసిన విద్యార్థి అమరిక మారగానే తడబడతాడు. కారణం తెలిసినవాడు కొత్త బోర్డునూ చదవగలడు. అందుకే హార్డ్‌వేర్ పాఠంలో “ఎక్కడ” అన్న ప్రశ్నకు “ఎందుకు” అన్న ప్రశ్న తోడుకావాలి. ఈ రెండింటినీ తెలుగులో స్పష్టంగా చెప్పడానికి కావలసిన మాటలు భాషలో సిద్ధంగా ఉన్నాయి.