1950 హైదరాబాదు సిటీ పోలీసు ఫుట్‌బాల్ సీజను

1950 హైదరాబాదు సిటీ పోలీసు ఫుట్‌బాల్ సీజను భారత ఫుట్‌బాల్ చరిత్రలో ఒక ముఖ్య ఘట్టము. ఈ సంవత్సరములో హైదరాబాదు నగర పోలీసు శాఖకు చెందిన జట్టు దేశములోని రెండు ప్రాచీన పోటీలైన రోవర్స్ కప్పును, డ్యూరాండ్ కప్పును గెలుచుకున్నది. ఈ జట్టు ఔత్సాహిక క్రీడాకారుల జట్టు. అనగా ఇందులోని ఆటగాళ్ళు ఆట కొరకు వేతనము పుచ్చుకొనేవారు కాదు. పోలీసు శాఖలో ఉద్యోగము చేస్తూ ఫుట్‌బాల్ ఆడేవారు. జట్టు శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం. 1950లో మొదలైన విజయ పరంపర 1954 వరకు రోవర్స్ కప్పులో వరుసగా ఐదు సంవత్సరాలు కొనసాగినది.

నేపథ్యము

హైదరాబాదు సంస్థానము 1948 సెప్టెంబరులో జరిగిన పోలీసు చర్య తరువాత భారత సమాఖ్యలో విలీనమైనది. 1950 జనవరి 26న భారత రాజ్యాంగము అమలులోకి రావడముతో హైదరాబాదు ఒక రాష్ట్రముగా ఏర్పడినది. ఆ విధముగా 1950 సీజను గణతంత్ర భారతములో హైదరాబాదుకు మొదటి క్రీడా సంవత్సరము. సంస్థానములో ఫుట్‌బాల్ అప్పటికే జనాదరణ పొందిన ఆట. హైదరాబాదు, సికింద్రాబాదు జంట నగరాలలో కంటోన్మెంటు సైనిక జట్లు, కళాశాలలు, ప్రభుత్వ శాఖలు, మొహల్లా క్లబ్బులు ఈ ఆటను పెంచి పోషించాయి.

అయితే దేశ ఫుట్‌బాల్‌కు కేంద్రము కలకత్తా. మోహన్ బగాన్ (స్థాపన 1889), ఈస్ట్ బెంగాల్, మహమ్మదన్ స్పోర్టింగ్ అనే మూడు పెద్ద క్లబ్బులు అక్కడివే. 1911లో మోహన్ బగాన్ జట్టు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటును 2-1 తేడాతో ఓడించి ఐ.ఎఫ్.ఎ. షీల్డు గెలిచిన నాటి నుండి బెంగాలు జట్లను ఓడించడమే తక్కిన ప్రాంతాల జట్లకు గీటురాయి అయినది. రాష్ట్ర జట్ల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీలో హైదరాబాదు జట్టు 1949-50లో ఫైనల్ చేరి బెంగాలు చేతిలో 0-5 తేడాతో ఘోరముగా ఓడిపోయినది. 1950 సీజనులోని విజయాల విలువను ఈ ఓటమితో పోల్చి చూసినప్పుడే సరిగా గ్రహించవచ్చు.

ఔత్సాహిక క్రీడా విధానము

ఆ కాలములో భారతదేశములో ఫుట్‌బాల్ వృత్తి కాదు. జాతీయ స్థాయి లీగ్ కూడా లేదు; జాతీయ ఫుట్‌బాల్ లీగ్ 1996లో గాని ఆరంభము కాలేదు. ఒలింపిక్ క్రీడలలో పాల్గొనడానికి కూడా ఆనాడు ఔత్సాహిక క్రీడాకారులే అర్హులు. అందుచేత పేద, మధ్య తరగతి కుటుంబాల నుండి వచ్చిన ఆటగాడికి ఆట కొనసాగించడానికి ఒకటే మార్గము ఉండేది: క్రీడలను ఆదరించే శాఖలోనో, సంస్థలోనో ఉద్యోగము సంపాదించుకోవడము. సైన్యము, పోలీసు, రైల్వే, పెద్ద కర్మాగారాలు ఇటువంటి ఉద్యోగాలు ఇచ్చేవి. రోవర్స్, డ్యూరాండ్ పోటీలలో తరచుగా కనిపించిన హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్ (బెంగుళూరు), మద్రాసు రెజిమెంటల్ సెంటర్ వంటి పేర్లే దీనికి నిదర్శనము.

హైదరాబాదు సిటీ పోలీసు జట్టు ఈ విధానానికి మంచి ఉదాహరణ. ఈ విధానము వలన జట్టుకు ఒక పెద్ద మేలు జరిగినది. ఆటగాళ్ళు ప్రతి సంవత్సరము క్లబ్బులు మారకుండా ఒకే చోట, ఒకే శిక్షకుని వద్ద ఏళ్ళ తరబడి కలసి ఆడగలిగారు. నెల జీతము వస్తున్నందున కుటుంబ పోషణ గురించిన చింత తగ్గినది. మరొక వైపు ఇందులో పరిమితులు కూడా ఉన్నాయి. ఆటగాని భవిష్యత్తు శాఖ ఆదరణపైనే ఆధారపడి ఉండేది. కలకత్తా పెద్ద క్లబ్బులు పిలిచినప్పుడు పేరు, ప్రేక్షకాదరణ కోరుకునే యువకులకు ఆ ఆకర్షణను కాదనడము కష్టమయ్యేది.

సీజను స్వరూపము

నేటి లీగ్ సీజనువలె ప్రతి జట్టు మిగిలిన అన్ని జట్లతో ఆడి పాయింట్లు కూడబెట్టే జాతీయ పద్ధతి అప్పుడు లేదు. నగరాలలో స్థానిక లీగ్‌లు ఉండేవి. వాటితో పాటు వివిధ నగరాలలో జరిగే కప్పు పోటీలకు జట్లు రైళ్ళలో ప్రయాణించి వెళ్ళేవి. కప్పు పోటీలు నాకౌట్ పద్ధతిలో జరిగేవి. ఒక్కసారి ఓడిన జట్టు పోటీ నుండి నిష్క్రమించవలసినదే. ఆట సమముగా ముగిసినచో విజేతను నిర్ణయించడానికి మరొక రోజు తిరిగి ఆడేవారు. పెనాల్టీ కిక్కులతో ఫలితము తేల్చే పద్ధతి ఫుట్‌బాల్ నిబంధనలలోకి 1970లో వచ్చినది. ఈ సంగతి 1950 డ్యూరాండ్ ఫైనల్‌ను అర్థము చేసుకోవడానికి అవసరము.

ఆ సీజనులో హైదరాబాదు ఆటగాళ్ళు తలపడిన మూడు ముఖ్య పోటీలు ఇవి:

* రోవర్స్ కప్పు – బొంబాయి. 1891లో ఆరంభమైనది.
* డ్యూరాండ్ కప్పు – ఢిల్లీ. 1888లో సిమ్లాలో ఆరంభమైనది.
* సంతోష్ ట్రోఫీ – రాష్ట్ర జట్ల జాతీయ పోటీ. 1941లో ఆరంభమైనది. ఇందులో పోలీసు జట్టు కాక హైదరాబాదు రాష్ట్ర జట్టు పాల్గొనేది.

రోవర్స్ కప్పు

రోవర్స్ కప్పు బొంబాయిలోని కూపరేజ్ మైదానములో జరిగేది. మొదటి నాలుగు దశాబ్దాలకు పైగా ఈ కప్పు బ్రిటిషు సైనిక జట్ల చేతులలోనే ఉన్నది. 1937లో బెంగుళూరు ముస్లిమ్స్ జట్టు దీనిని గెలిచి ఆ ఆధిపత్యానికి తెర దించినది. 1949లో ఈస్ట్ బెంగాల్ విజేత. 1950 ఫైనల్‌లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు ఆర్యన్ జింఖానా జట్టును 1-0 తేడాతో ఓడించి మొట్టమొదటి సారి ఈ కప్పును హైదరాబాదుకు తెచ్చినది. ఒకే ఒక్క గోలుతో లభించిన ఈ విజయము ఐదేళ్ళ పరంపరకు నాంది అయినది.

డ్యూరాండ్ కప్పు

డ్యూరాండ్ కప్పును బ్రిటిషు ఇండియా ప్రభుత్వ విదేశాంగ కార్యదర్శి సర్ మార్టిమర్ డ్యూరాండ్ నెలకొల్పాడు. 1940లో పోటీ ఢిల్లీకి మారినది. ఆ సంవత్సరము మహమ్మదన్ స్పోర్టింగ్ జట్టు రాయల్ వార్విక్‌షైర్ రెజిమెంటును ఓడించి ఈ కప్పు గెలిచిన తొలి భారతీయ జట్టుగా నిలిచినది. తరువాత రెండవ ప్రపంచ యుద్ధము, దేశ విభజన కారణాలుగా 1941 నుండి 1949 వరకు పోటీ జరగలేదు. 1950లో పునఃప్రారంభమైనది. కనుక స్వతంత్ర భారతములో జరిగిన తొలి డ్యూరాండ్ కప్పు ఇదే.

ఈ పోటీ ఫైనల్‌లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు ప్రత్యర్థి మోహన్ బగాన్. దేశములో అత్యధిక అభిమానులు గల జట్లలో ఒకటైన మోహన్ బగాన్‌తో జరిగిన మొదటి ఆట 2-2తో సమముగా ముగిసినది. తిరిగి ఆడిన ఆటలో పోలీసు జట్టు 1-0తో విజయము సాధించినది. రెండు ఆటలలో కలిపి చూసినా తేడా ఒక్క గోలు మాత్రమే. అయినను డ్యూరాండ్ కప్పు గెలిచిన తొలి దక్షిణ భారత జట్టుగా, మహమ్మదన్ స్పోర్టింగ్ తరువాత రెండవ భారతీయ జట్టుగా హైదరాబాదు సిటీ పోలీసు చరిత్రకెక్కినది.

సంతోష్ ట్రోఫీ

ఈ సీజను హైదరాబాదుకు పూర్తిగా విజయవంతము కాలేదు. 1950-51 సంతోష్ ట్రోఫీ కలకత్తాలో జరిగినది. హైదరాబాదు రాష్ట్ర జట్టు వరుసగా రెండవ సారి ఫైనల్ చేరినది. ప్రత్యర్థి మళ్ళీ బెంగాలే. ఈసారి కూడా ఓటమి తప్పలేదు. కాని క్రిందటి సంవత్సరము ఐదు గోలుల తేడాతో ఓడిన జట్టు ఈ పర్యాయము బెంగాలును వారి సొంత నగరములో ఒక్క గోలుకే పరిమితము చేసి 0-1తో ఓడినది. సంతోష్ ట్రోఫీ గెలవడానికి హైదరాబాదు మరికొన్ని సంవత్సరాలు వేచి ఉండవలసి వచ్చినది.

ఫలితాల పట్టిక

* రోవర్స్ కప్పు ఫైనల్: హైదరాబాదు సిటీ పోలీసు 1 – ఆర్యన్ జింఖానా 0
* డ్యూరాండ్ కప్పు ఫైనల్: హైదరాబాదు సిటీ పోలీసు 2 – మోహన్ బగాన్ 2
* డ్యూరాండ్ కప్పు ఫైనల్ (తిరిగి ఆడినది): హైదరాబాదు సిటీ పోలీసు 1 – మోహన్ బగాన్ 0
* సంతోష్ ట్రోఫీ ఫైనల్ (1950-51): బెంగాలు 1 – హైదరాబాదు 0

రహీం శిక్షణా పద్ధతి

సయ్యద్ అబ్దుల్ రహీం (1909-1963) హైదరాబాదులో జన్మించాడు. వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. అందుచేతనే అందరూ ఆయనను రహీం సాహెబ్ అని గౌరవముగా పిలిచేవారు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘము కార్యదర్శిగా బాధ్యత స్వీకరించాడు. పాఠశాలలో పిల్లలకు పాఠము చెప్పినట్లే మైదానములో ఒక్కొక్క లోపాన్ని విడదీసి సరిదిద్దడము ఆయన పద్ధతి.

చాలా మంది ఆటగాళ్ళు ఒక కాలితోనే బలముగా ఆడగలరు. ప్రత్యర్థి ఆ కాలి వైపు కాపు కాస్తే వారి ఆట సాగదు. దీనిని పోగొట్టడానికి రహీం బలహీనమైన కాలితో మాత్రమే బంతిని తన్నవలసిన పోటీలు ఏర్పాటు చేశాడు. అలాగే బంతిని కాళ్ళ మధ్యనే ఉంచుకొని ఒంటరిగా దూసుకుపోయే అలవాటును మాన్పించడానికి డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలు నిర్వహించాడు. అటువంటి ఆటలో బంతి అందిన వెంటనే తోటి ఆటగానికి అందించక తప్పదు. దీనివలన చిన్న చిన్న పాస్‌లతో వేగముగా సాగే ఆట జట్టుకు అలవాటైనది. ఒక్క మేటి ఆటగానిపై ఆధారపడక పదకొండు మంది సమష్టిగా ఆడడమే దీని సారాంశము.

ఆనాటి దేశ ఫుట్‌బాల్ పరిస్థితి

1950లో భారత జట్టుకు బ్రెజిల్‌లో జరిగిన ప్రపంచ కప్పులో ఆడే అవకాశము వచ్చినది. అర్హత పోటీలలోని మిగిలిన ఆసియా జట్లు తప్పుకొనడమే ఇందుకు కారణము. కాని చివరకు భారత జట్టు వెళ్ళలేదు. బూట్లు లేకుండా ఆడనివ్వనందువలననే వెళ్ళలేదని ఒక కథ ప్రచారములో ఉన్నది. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య మాత్రము జట్టు ఎంపికలో భేదాభిప్రాయాలను, సాధనకు సమయము చాలకపోవడాన్ని కారణాలుగా చూపినది. ఆ రోజులలో ప్రపంచ కప్పు కంటే ఒలింపిక్ క్రీడలకే మన దేశములో ఎక్కువ ప్రాముఖ్యము ఉండేది. అనేక మంది భారతీయులు పాదరక్షలు లేకుండా ఆడేవారన్నది మాత్రము నిజము. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 1-10 తేడాతో ఓడిన తరువాత బూట్లు తప్పనిసరి చేయబడినాయి.

ప్రభావము

1950 సీజను తరువాత హైదరాబాదు దేశ ఫుట్‌బాల్‌లో రెండవ కేంద్రముగా గుర్తింపు పొందినది. పోలీసు జట్టు 1951, 1952, 1953, 1954 సంవత్సరాలలో కూడా రోవర్స్ కప్పు గెలిచినది. 1955లో మోహన్ బగాన్ ఈ పరంపరను ఆపినది. డ్యూరాండ్ కప్పును పోలీసు జట్టు 1954లోను, 1957లోను తిరిగి గెలుచుకున్నది. ఆంధ్రప్రదేశ్ అవతరణ తరువాత కొన్నేళ్ళకు జట్టు పేరు ఆంధ్రప్రదేశ్ పోలీసుగా మారినది. ఆ పేరుతో 1961లో మోహన్ బగాన్‌నే ఓడించి మరొక సారి డ్యూరాండ్ కప్పు సాధించినది. హైదరాబాదు రాష్ట్ర జట్టు 1956-57, 1957-58 సంవత్సరాలలో బొంబాయిని ఓడించి వరుసగా రెండు సార్లు సంతోష్ ట్రోఫీ గెలిచినది.

రహీం 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో భారత జట్టుకు శిక్షకుడు. ఫైనల్‌లో ఇరాన్‌ను 1-0తో ఓడించి భారత్ స్వర్ణ పతకము గెలిచినది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాలుగవ స్థానములో నిలిచినది. హైదరాబాదు ఆటగాళ్ళు నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ 1952, 1956 ఒలింపిక్స్ రెండింటిలోను భారత జట్టు సభ్యులు. సికింద్రాబాదు సమీపములోని అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం (1936-2023) 1956, 1960 ఒలింపిక్స్‌లో ఆడాడు. 1962 జకార్తా ఆసియా క్రీడలలో దక్షిణ కొరియాపై 2-1తో లభించిన స్వర్ణము రహీం శిక్షణలో వచ్చిన చివరి పెద్ద విజయము. క్యాన్సరు వ్యాధితో బాధపడుతూ 1963 జూన్ 11న రహీం మరణించాడు.

రహీం తరువాత హైదరాబాదు ఫుట్‌బాల్ క్రమముగా క్షీణించినది. ఆంధ్రప్రదేశ్ జట్టు 1965-66లో సంతోష్ ట్రోఫీ గెలిచినప్పటికీ పూర్వపు ఆధిపత్యము తిరిగి రాలేదు. ఔత్సాహిక యుగములో ఉద్యోగము, మైదానము, శిక్షకుడు అనే మూడు ఒకే చోట కుదిరినప్పుడు ఒక నగర పోలీసు శాఖ జట్టు దేశములోని పెద్ద క్లబ్బులను ఎదిరించి నిలువగలదని 1950 సీజను నిరూపించినది.