డబ్బుంది, ఫోనుంది... పనే కాలేదు!

కిందటి అక్టోబరులో ఒక ఆదివారం మా అక్క ఫోన్ చేసింది. "నాయన నూటికి రెండు రూపాయల వడ్డీకి డబ్బు తెచ్చినాడు, నీకు తెలుసునా?" అని అడిగింది. నాకు తెలీదు. "అమ్మ హారం వేలానికి పోతాదని బ్యాంకు నోటీసు వచ్చింది. నీకు చెప్పొద్దని అమ్మ నాతో ఒట్టు వేయించుకునింది" అంది.

మాది కోవెలకుంట్ల దగ్గర పల్లె. పాత కర్నూలు జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి నంద్యాల జిల్లా. మా సీమలో సేద్యం సగం వానను నమ్ముకుని, సగం ఆడవాళ్ల మెడలో బంగారాన్ని నమ్ముకుని నడుస్తుంది. అంతకు ముందు ఏడాది జూన్‌లో కొత్త బోరు వేయించడానికి అమ్మ హారం కుదువ పెట్టారు. ఏడాది తిరిగేసరికి వడ్డీ కట్టి తిరగరాయించుకోవాలి. ఉగాదికి ఇంటికి వెళ్లినప్పుడు బువ్వ తింటూ నేనే మాటిచ్చాను, "అది నేను చూసుకుంటా, మీరు మర్చిపోండి" అని. వాళ్లు నిజంగానే మర్చిపోయారు. కొడుకు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఇంజినీరు కదా, ఇంకేం దిగులు?

డబ్బు లేక కాదు. అది నా అకౌంటులో ఆర్నెల్లు మూలుగుతూనే ఉంది. మర్చిపోయానా అంటే అదీ కాదు. ప్రతి ఆదివారం ఉదయం పదింటికి ఫోన్ గుర్తు చేసేది, నేను దాన్ని పక్కకు తోసేసి 'సాయంత్రం చూద్దాం' అనుకునేవాణ్ని. సోమరితనమా? అవే వారాల్లో రాత్రి రెండింటిదాకా కూర్చుని ఆఫీసు పని పూర్తి చేశాను. పోనీ తెలివి తక్కువా? ఎంసెట్‌లో మంచి ర్యాంకే వచ్చింది. మరెందుకు కాలేదు? ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ పోతేనే 'ఎగ్జిక్యూటివ్ ఫంక్షనింగ్ కోచింగ్' అనే మాట తగిలింది.

పేరు పెద్దది కానీ విషయం మనకు తెలిసిందే. చేయాల్సిన పనిని తలలో నిలుపుకోవడం, మధ్యలో వచ్చే లాగుడును ఆపుకోవడం, అనుకున్నది కుదరకపోతే దారి మార్చుకోవడం... ఈ మూడింటినీ కలిపి మానసిక శాస్త్రవేత్తలు ఎగ్జిక్యూటివ్ ఫంక్షన్స్ అంటారు. మనం కార్యనిర్వహణ శక్తి అనుకోవచ్చు. నుదురు వెనకాల ఉండే మెదడు భాగానికి ఇందులో పెద్ద పాత్ర. తెలివికి దీనికి చుట్టరికం ఉంది గానీ, రెండూ ఒకటి కావు. లెక్కలు దంచేసేవాడు కరెంటు బిల్లు కట్టలేకపోవడం అందుకే జరుగుతుంది.

తలలో ఒకసారికి పట్టే సంగతులు కూడా మనం అనుకున్నంత ఉండవు. 1956లో జార్జ్ మిల్లర్ ఏడు దాకా అన్నాడు. 2001లో నెల్సన్ కోవన్ దాన్ని సుమారు నాలుగుకి దించాడు. నాలుగు! నాకు ఉదయం లేచేసరికే ఆఫీసు క్యాబ్, గ్యాస్ బుకింగ్, రూమ్మేట్‌కి ఇవ్వాల్సిన అద్దె, తొమ్మిదిన్నర మీటింగు అనే నాలుగూ కూర్చునుండేవి. అమ్మ హారానికి చోటెక్కడ?

అయితే నా మట్టుకు అసలు సంగతి ఇంకొకటి ఉందనిపిస్తుంది. ఇంటర్ కడపలో రెసిడెన్షియల్ కాలేజీలో చదివాను. తెల్లారుజామున గంట కొడితే లేవాలి. గంట కొడితే టిఫిను, గంట కొడితే స్టడీ అవర్, రాత్రి మళ్లీ గంట కొడితే లైట్లు ఆపాలి. ఏ పుస్తకం ఎప్పుడు తీయాలో బోర్డు మీద రాసుండేది. ఆ రెండేళ్లలో రోజుకు పదమూడు, పద్నాలుగు గంటలు చదివాను. కానీ ఒక్క గంటను కూడా నా అంతట నేను ఎలా గడపాలో నిర్ణయించుకోలేదు. నా కార్యనిర్వహణ అంతా వార్డెన్ చేతిలోని ఇనుప కడ్డీలో ఉండేది. తర్వాత కర్నూలులో ఇంజినీరింగ్ నాలుగేళ్లు ఇంటర్నల్ పరీక్షలు, ల్యాబ్ రికార్డులు, అటెండెన్స్ లాక్కొచ్చాయి. ఇంటికి వస్తే అమ్మ. ఇరవై రెండేళ్లకు బెంగళూరు బస్సెక్కాక గంట కొట్టేవాళ్లు లేరు. ఆఫీసులో మేనేజరు ఉన్నాడు కాబట్టి ఆఫీసు పని అయింది. మిగతా బతుకుకి మేనేజరు లేడు, అది కాలేదు. ఇంత మామూలు విషయం నాకు ఆరేళ్లు తట్టలేదు.

అక్క ఫోన్ వచ్చిన వారానికి మా టీమ్ లీడ్ దగ్గర నోరు జారాను. ఆవిడే ఒక కోచ్ పేరు చెప్పింది. వారానికోసారి ఆన్‌లైన్‌లో నలభై ఐదు నిమిషాలు, ఒక్కో సెషన్‌కి 1,500 రూపాయలు. అమ్మకు చెప్తే నవ్వింది. "పని చేసినావా అని అడిగేదానికి లెక్కియ్యాల్నా? ఊరికే నేనడుగుతుంటి గదరా!" మా వైపు లెక్కంటే డబ్బు. అమ్మ మాటలో ఎంత నిజముందో అప్పుడు నాకు అర్థం కాలేదు.

కోచ్ అంటే మైకు పట్టుకుని 'మీరు సాధించగలరు' అని అరిచే మనిషి వస్తాడనుకున్నా. ఈవిడ మెల్లగా మాట్లాడే నడివయసు మనిషి. మొదటి సెషన్‌లో ఆశయాల గురించి ఏమీ అడగలేదు. "బంగారం లోను కట్టడానికి కూర్చున్న ఆఖరి ఆదివారం ఏం జరిగిందో నిమిషం నిమిషం చెప్పండి" అంది. చెప్పాను. "లోను కట్టడం అనేది ఒక పని కాదండీ, పనుల మూట. మూట విప్పుదాం" అంది.

విప్పాం. కట్టాలంటే ఎంతో తెలియాలి. అది తెలియాలంటే లోను నంబరు కావాలి. నంబరు బ్యాంకువాళ్లిచ్చిన చీటీ మీద ఉంటుంది. చీటీ అమ్మ ట్రంకుపెట్టెలో, పట్టుచీర మడతల్లో ఉంది. అమ్మకు ఫోన్ చేసి అడగాలి. అడిగితే 'ఇంకా కట్టలేదా నువ్వు?' అని తెలిసిపోతుంది. అక్కడికొచ్చేసరికి నేను మాట్లాడలేకపోయాను. ఆర్నెల్లు ఆ ఒక్క ఫోన్ చేయలేక తప్పించుకు తిరిగానన్నమాట. నా ఫోన్ మాత్రం పాపం ప్రతి ఆదివారం 'గోల్డ్ లోన్' అని మోగుతూనే ఉంది. మా భాషలో చెప్పాలంటే, ఒక ఫంక్షన్ ఇన్‌పుట్ లేకుండా వారం వారం రన్ అయ్యి వారం వారం ఫెయిలైంది. ఆఫీసులో అయితే లాగ్ తెరిచి అరగంటలో పట్టేసేవాణ్ని.

ఆవిడ ఇచ్చిన మందు కూడా చిన్నదే. 'రేపు అమ్మకు ఫోన్ చేస్తాను' అని రాసుకోవద్దంది. 'రాత్రి అన్నం తిని చేయి కడుక్కోగానే, తువ్వాలు పక్కన పెట్టి, అమ్మకు ఫోన్ చేస్తాను' అని రాయమంది. ఫలానాది జరగగానే ఫలానాది చేస్తాను అని ముడి వేయడం. జర్మనీకి చెందిన మానసిక శాస్త్రవేత్త పీటర్ గాల్విట్జర్ 1999లో దీని మీద ఒక ప్రసిద్ధ వ్యాసం రాశాడు. 2006లో ఆయనా పాస్కల్ షీరన్ కలిసి 94 పరీక్షల ఫలితాలు కలిపి చూస్తే, ఉత్త సంకల్పం కన్నా ఇలా ముడి వేసిన సంకల్పం బాగానే పనిచేస్తుందని తేలింది. ఆ రాత్రి చేయి కడుక్కుని ఫోన్ చేశాను. అమ్మ నన్ను తిట్టలేదు. "చీటీ ఫోటో పంపమని అక్కకు చెప్తాలే" అంది. తిట్టి ఉంటే బాగుండు అనిపించింది.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. పది సెషన్లలో నాలుగు నాకు దండగే. రంగురంగుల క్యాలెండరు, రోజువారీ చార్టు అన్నీ పెట్టించింది. రెండు వారాల్లో అటకెక్కాయి. పనికొచ్చినవి రెండే. ఒకటి ఈ ముడి. రెండోది, ఇష్టంలేని పని చేసేటప్పుడు పక్కన ఇంకో మనిషి ఉండటం. ఇప్పుడు శనివారం ఉదయం నేనూ ఇంకో స్నేహితుడూ వీడియో కాల్ పెట్టుకుని, మాటల్లేకుండా ఎవరి బిల్లులు వాళ్లు కట్టుకుంటాం. చూసేవాళ్లకు పిచ్చోళ్లలా ఉంటాం. పని మాత్రం అవుతుంది.

ఇంకో సంగతి, ఇది నాలాంటివాళ్లు ముందు చదవాల్సింది. ఈ కోచింగ్ అమెరికాలో తొంభైలలో ఏడీహెచ్‌డీ ఉన్న పెద్దవాళ్ల కోసం ఊపందుకుంది. ఎడ్వర్డ్ హాలోవెల్, జాన్ రేటీ అనే సైకియాట్రిస్టులు 1994లో వెలువరించిన పుస్తకంలో కోచ్ అవసరం గురించి రాశారు. మన దేశంలో కోచ్ అని బోర్డు పెట్టుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. క్లినికల్ సైకాలజిస్టుకైతే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉంటుంది, సైకియాట్రిస్టు ఎలాగూ డాక్టరే. రీళ్లు చూసి 'నాకు ఏడీహెచ్‌డీ' అని తేల్చేసుకున్నవాళ్లు మా ఫ్లోర్‌లోనే అరడజను మంది. నేనూ అనుకున్నా. దీపావళికి ఊరికి పోతూ కర్నూలులో ఒక సైకియాట్రిస్టును కలిశాను. ఆయన నన్ను కాసేపు అడిగి, తర్వాత ఫోన్‌లో అమ్మను అడిగాడు. చిన్నప్పుడు ఎలా ఉండేవాడు, బడిలో వస్తువులు పోగొట్టేవాడా, కుదురుగా కూర్చునేవాడా అని. పన్నెండేళ్ల లోపే లక్షణాలు కొన్ని కనపడి ఉండాలట. అమ్మ చెప్పింది విని, నాకు అది లేదన్నాడు. "ఎన్నింటికి పడుకుంటావు?" అన్నాడు. అమెరికా టీమ్‌తో కాల్స్ అయ్యేసరికి ఒంటిగంట అవుతుందన్నాను. "ముందు అది చూడు" అన్నాడు. నిద్ర తక్కువైనా, థైరాయిడ్ తేడా చేసినా, డిప్రెషన్ ఉన్నా ఇలాగే పనులు మొదలుకావట. అలాంటప్పుడు కోచ్ దగ్గరికి పోతే జబ్బు లోపలే ఉండిపోతుంది. వారాల తరబడి ఏదీ చేయబుద్ధి కాకపోతే, బతుకు మీదే విసుగొస్తే టెలీ మానస్ 14416కి ఫోన్ చేయొచ్చు. 2022 అక్టోబరు 10న కేంద్రం మొదలుపెట్టిన ఉచిత సేవ, తెలుగులో మాట్లాడొచ్చు. బెంగళూరులో ఉన్నవాళ్లకు నిమ్హాన్స్ ఉండనే ఉంది.

ఆ దీపావళికే చేనికి పోయాను. మాది నల్లరేగడి, పప్పుశనగ వేస్తారు. నాయన వంగి పిడికెడు మట్టి తీసి, పిసికి చూసి, "పదునుంది, ఇంకా నాలుగు దినాలే" అన్నాడు. పదును అంటే విత్తనం మొలిచేంత తడి. అది పోయాక గింజ వేస్తే మట్టిపాలే. నాయన దగ్గర క్యాలెండర్ యాప్ లేదు. చిత్త కార్తె, స్వాతి కార్తె ఉన్నాయి. పక్క చేని చిన్నాయన "ఇంకా గొర్రు కట్టలేదా?" అని కేకేస్తాడు. ట్రాక్టరువాడు ఫలానా రోజే వస్తానంటాడు. నాయనకు నాకన్నా గట్టి సంకల్పమేమీ లేదు. బీడీ మానతానని పదేళ్లుగా చెప్తున్నాడు. కానీ సేద్యం పనులను ఆయన తలలో ఒంటరిగా మోయడం లేదు. నేలా, కార్తే, పక్క చేనివాడూ తలా కాస్త మోస్తున్నారు. బెంగళూరులో నా పని మొత్తం నా ఒక్క నుదుటి మీద పడింది.

హారం విడిపించడానికి జనవరి దాకా పట్టింది. ముందు నాయన తెచ్చిన రెండు రూపాయల వడ్డీ అప్పు తీర్చాను, తర్వాత బ్యాంకు. అమ్మ దాన్ని వేసుకోలేదు, మళ్లీ ట్రంకుపెట్టెలోనే పెట్టింది. "బోరు మళ్లా ఎండితే?" అంది.

ఇప్పుడు ఇంకో లోను ఉంది, ట్రాక్టరుది. నెలనెలా నేనే కడుతున్నాను. ఆటోమేటిగ్గా కట్ అయ్యేలా పెట్టొచ్చు, కావాలనే పెట్టలేదు. ప్రతి నెలా మూడో తేదీ రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చేసి అడగమని నాయనకు చెప్పాను. మొదట ఒప్పుకోలేదు. "ఉద్యోగం చేసే కొడుకును లెక్క కట్టినావా అని అడిగేదేంది, నామోషీ" అన్నాడు. అమ్మ నచ్చజెప్పింది. మొదటి నెల అడగలేక వేరే మాటలు మాట్లాడి పెట్టేశాడు. రెండో నెల నుంచి అడుగుతున్నాడు. మొన్న మూడో తేదీన సాయంత్రమే కట్టేసి కూర్చున్నాను. సరిగ్గా ఎనిమిదింటికి ఫోన్ మోగింది. "కట్టినావా?" అన్నాడు. నేను ఊ అనేలోపే, "ఆడ వాన పడతాందా?" అని అడిగాడు.