సర్వరు పద్దులో యజమాని నష్టం

మన అభ్యుదయ కథలో హోటలు సర్వరు చాలాకాలంగా ఉన్నాడు. గ్లాసు పగిలిందనీ, యజమాని చెంప పగలగొట్టాడనీ, కుర్రాడు కన్నీళ్లు దిగమింగుకున్నాడనీ రాస్తాం. ఈమధ్య నేను చదివిన విద్యార్థుల కథల్లోనూ ఇదే వరస. చెంపదెబ్బ కంటికి కనబడుతుంది కనుక రాయడం సులువు. నెలాఖరున జీతంలోంచి తీసేసే డబ్బు ఎవరికీ కనబడదు.

బిల్లు కట్టకుండా జారుకున్నవాడి భోజనం ఖరీదు, గల్లాలో తగ్గిన చిల్లర, బల్లమీద నుంచి వెనక్కి వచ్చిన దోసె అన్నీ సర్వరు పద్దులోకే చేరతాయి. పండుగనాడు రెండింతలు బేరం సాగితే ఆ లాభంలో అతనికి వాటా లేదు. నష్టంలో మాత్రం భాగస్వామి! నష్టభయాన్ని మోస్తున్నందుకే పెట్టుబడిదారుకు లాభమని అర్థశాస్త్రం పాఠాలు చెబుతాయి. ఆ భయాన్ని జీతగాడి నెత్తికెత్తాక లాభం దేనికి ప్రతిఫలమో ఆ పాఠాలే చెప్పాలి.

ఈ కోతకు చట్టంలో హద్దులున్నాయి. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం గీసిన హద్దులే 2019 వేతనాల కోడ్‌లోకీ వచ్చాయి. ఆ కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉంది. ప్రత్యేకంగా అప్పగించిన సరుకు పాడైనా, పోయినా, లెక్క చెప్పవలసిన డబ్బు తగ్గినా, అది నేరుగా కార్మికుడి నిర్లక్ష్యం వల్లనో తప్పిదం వల్లనో జరిగితేనే జీతం కోయవచ్చు. అదీ జరిగిన నష్టానికి మించకూడదు. ముందుగా అతని సంజాయిషీ వినాలి, కోతను రిజిస్టరులో రాయాలి. అన్ని కోతలూ కలిసినా జీతంలో సగం దాటరాదు.

వ్యాకరణం చదువుకున్నవాళ్లం ‘నేరుగా’ అన్న క్రియావిశేషణం దగ్గర కాస్త ఆగాలి. తిని పారిపోయినవాడి మోసం సర్వరు నిర్లక్ష్యం కాదు. చేతికి రాని డబ్బుకు అతను లెక్క చెప్పనక్కరలేదు. బేరం లేనిరోజు మిగిలిన సాంబారు ఎవరి తప్పూ కాదు, అది వ్యాపారం.

అక్రమంగా కోస్తే మూడేళ్లలోగా కార్మికుడు గాని, అతని రిజిస్టర్డ్ సంఘం గాని అధికారికి అర్జీ పెట్టవచ్చు. ఇవ్వవలసింది ఇచ్చానని రుజువు చేసుకునే భారం యజమానిదే.

ఇంత ఉండి సర్వరు ఎందుకు నోరు మెదపడు? తిండీ పడకా హోటల్లోనే. పైన అడ్వాన్సు బాకీ. పని పోతే ఆ పూటనుంచే కూడూ గూడూ పోతాయి. మన కథకులు చూడవలసిన తావు ఇది. “రిజిస్టరు చూపించండయ్యా” అన్న మాట గొంతులోంచి పైకి రావడానికి ఎన్ని నెలలు పడుతుంది, పక్కన నిలబడే టీ మాస్టరు ఎవరు, అలా అడిగిన రాత్రి ఆ సర్వరు ఎక్కడ పడుకుంటాడు?