మరబోటులోకి నీరు ఎక్కడి నుంచి?

వేటకు పోయే మరబోటు అడుగున కొంచెం నీరు కనబడడం వింత కాదు. పంపు వేసి తోడేస్తే సరిపోతుందిలే అనుకోవడంతోనే ముప్పు మొదలవుతుంది. పది నిమిషాలకు 20 లీటర్ల బిందెడు నీరు చేరినా, పంపు ఆగితే పది గంటల్లో 1,200 లీటర్లవుతుంది. అంటే టన్నుకు పైగా బరువు. తీరానికి దూరంగా, రాత్రివేళ కళాసీలు నిద్రలో ఉండగా అది ప్రాణాల మీదికే రావచ్చు.

కోస్తాలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. బోట్లకు మరమ్మతులు ఎక్కువగా జరిగేది అప్పుడే. రంగులు వేయించే ముందు చూడాల్సింది ఈ నీటి సంగతి.

నీరు నిలిచిన చోటే చిల్లు ఉందనుకోరాదు. ఎక్కడ కారినా నీరు పల్లానికే చేరుతుంది. అందుకే ముందుగా అడుగంతా తోడి, గుడ్డతో తుడిచి పొడిగా చేయాలి. పాత పేపర్లు పరిస్తే ముందు తడిసేది ఏదో తెలుస్తుంది. సుద్దపొడి చల్లినా నీటిదారి గీతలా కనబడుతుంది.

ఆగినప్పుడా, నడిచేటప్పుడా?

రేవులో కట్టి ఉన్నా నీరు చేరుతుంటే చెక్కల సందులు, చుక్కాని కడ్డీ దూరే చోటు, నీటిమట్టానికి కింద ఉన్న పైపుల బిగింపులు చూడాలి. చేపలు, ఐసు నిండి బోటు కిందికి దిగినప్పుడే నీరొస్తే చిల్లు కాస్త పైన ఉన్నట్టు.

ఇంజను నడిచేటప్పుడే వస్తే అనుమానం రెండింటి మీద. ఒకటి ఫ్యాను షాఫ్టు బయటికి పోయే చోట ఉండే గ్లాండు. రెండోది ఇంజనును చల్లబరచడానికి బయటి నీరు లాగే పంపు, దాని గొట్టాలు. ప్యాకింగు తాడు ఉన్న గ్లాండు నుంచి నిమిషానికి కొన్ని చుక్కలు కారడం మామూలే. షాఫ్టు వేడెక్కకుండా కాపాడేవి ఆ చుక్కలే. ధార కడితే ప్యాకింగు అరిగినట్టు. చుక్క కూడా రాకూడదని నట్లు మరీ బిగిస్తే షాఫ్టే అరిగిపోయి ఖర్చు పెరుగుతుంది. చేరిన నీరు గోరువెచ్చగా ఉంటే అది ఇంజను చుట్టి వచ్చిన నీరు కావచ్చు.

ఉప్పనా, చప్పనా?

తుడిచిన తర్వాత కొత్తగా చేరిన నీటిని వేలితో తీసి నాలుకకు తగిలిస్తే చాలు. ఉప్పగా ఉంటే సముద్రపు నీరు. చప్పగా ఉంటే తాగునీటి ట్యాంకు చూడాలి. చల్లగా ఉండి చేప వాసన వేస్తే ఐసు కరిగి దిగుతున్నట్టు. అయితే గోదావరి వరద రోజుల్లో మొగల దగ్గర నీరే చప్పగా ఉంటుంది గనుక అప్పుడు ఈ పరీక్ష పనికిరాదు.

ఒడ్డున ఉన్న బోటులో కొద్దిగా నీరు పోసి, బయట ఎక్కడ చెమ్మ తేలుతుందో చూడవచ్చు. ఫైబరు బోట్లకు ఇసుకలో ఒరుసుకునే అడుగు భాగం, మరల రంధ్రాలు ముఖ్యం. చెక్క బోటు రెండు నెలలు ఎండలో ఉంటే చెక్కలు కుంచించుకుపోతాయి. నీటిలో దించాక అవి ఉబ్బి సందులు మూసుకోవడానికి ఒకటి రెండు రోజులు పట్టవచ్చు. అప్పటికీ ఆగకపోతే సందుల్లో మళ్లీ నూలు దట్టించాల్సిందే.

తొలి వేటకు ఐసు, డీజిలు ఎక్కించే ముందు బోటును ఒక పూట రేవులో ఊరికే ఉంచి, ఒక గంట ఇంజను నడిపి, అడుగు చూసుకోవాలి. అడుగు పొడిగా ఉందని తేలాకే సముద్రం మీదికి పోవడం క్షేమం.